అట్ట మీద బొగ్గు దుమ్ము

తమ్మీ,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మీ స్కేట్‌బోర్డ్ ఆట మీద పుస్తకం అచ్చయింది. నీ దోస్తులు మరాఠీల రాసిన్రు, పేజీలన్ని నేనే పేర్చిన. అట్ట మీద నీ ఫోటోనే పెట్టిన. బోర్డు ఎక్కేముందు సాస్తి బొగ్గుగని కాలనీ రోడ్డు మీద బొగ్గు దుమ్ము రోజూ నువ్వే ఊడ్చేటోనివి గదా, గట్ల చీపురు పట్టుకోని, మొఖం నిండ బొగ్గు దుమ్ముతోని నిలబడ్డ ఫోటో. బోర్డు నీ కాళ్లకాడ ఉంటది.

మొన్న చంద్రపూర్ల ప్రెస్సాయన నమూనా చూపెట్టిండు. అండ్ల నీ మొఖం తళతళ మెరుస్తున్నది.

"ఫోటో గలీజున్నది అక్కా, కంప్యూటర్ల సాఫ్ చేసిన" అన్నడు.

అది గలీజు కాదు, బొగ్గు, మళ్ల పెట్టమన్న. నన్ను వింతగ చూసిండు గని పెట్టిండు.

ఇయ్యాల పొద్దుగాల మొదటి పుస్తకం అమ్మ చేతిల పెట్టిన. అమ్మకు చదువు రాదు, అట్ట దిక్కే జరసేపు చూసింది. నువ్వు ఆడి ఇంటికొస్తే చేసినట్టే, కొంగు వేలికి సుట్టుకోని నీ మొఖం తుడిచింది. రెండుసార్లు తుడిచింది.

"పోతలేదేందే?" అన్నది.

"పోదమ్మా" అన్న.