పందులను బెదిరించే డబ్బాలు

గతించిన క్రాఫ్టు ఉపాధ్యాయులు దావీదు మాస్టారు గారికి, తమ తరగతిని ప్రస్తుతం చూస్తున్న సైన్సు మాస్టారు సవినయంగా తెలియజేయునది.

తమరు పోయి నేటికి ఏడాది. ఈ ఉదయం మన బడికి ఎస్.ఐ. గారు వచ్చారు. చేలో పడే అడవిపందులను బెదరగొట్టడానికి తొమ్మిదో తరగతి ఆడపిల్లలు టిఫిన్ డబ్బాల్లో బ్యాటరీ, తీగలు, బజరు అమర్చి ప్రదర్శనకు పెట్టారు. ఈ అడవి అంచున తీగలున్న టిఫిన్ డబ్బాను బాంబుగా పరిగణిస్తారన్న సంగతి సిలబస్‌లో ఎక్కడా లేదు.

"ఇవెవరు చేసిండ్రు సారూ?" అన్నారాయన.

"మా దావీదు సార్."

"జల్దీ పిలువుండ్రి."

"చర్చి ఎనక సమాధిల ఉన్నరు. పిలిస్తే రారు."

"గిన్ని ఒక్కడే చేసిండా? నాతోని పరాచికాలా?"

అన్నీ తమరే పోకముందు చేశారని రాసి సంతకం పెట్టాను. హాజరు పట్టీలో తప్ప ప్రభుత్వానికి నేను అబద్ధం రాయడం ఇదే మొదటిసారి. తమరిని నిందితులను చేసినందుకు మన్నించగలరు. ఆయన పిల్లల పేర్లు అడగకుండానే డబ్బాలన్నీ జీపులో వేయించుకుని వెళ్లారు.

చేసినవారి పేరు వస్తువు అడుగున చెక్కి తీరాలన్నది తమరు పెట్టిన నియమం. పిల్లలు దాన్ని తప్పక పాటించారు. ఆ సంగతి నాకు జీపు బూర్గంపాడు రోడ్డెక్కాక గుర్తుకొచ్చింది.