రెండో కోతకు ముందు

హ్వేంగ్యే,
1996 ఫిబ్రవరి 27

నాన్నగారికి,

హ్యేరాన్ వంగి నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అమ్మ, నానమ్మ, నేను ముగ్గురమూ క్షేమం. క్షేమం అన్న మాటలో నా మోకాలిని, నానమ్మ చేతిని కలపలేదు. వాటి సంగతి కింద రాస్తాను. మీరు, ఓడలో మీ తోటివాళ్ళంతా క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాను. అక్కడి సముద్రం ఈ నెలలో ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, రేడియోలో ఉత్తరపు గాలుల మాట వచ్చినప్పుడల్లా అమ్మ చేతిలో పని ఆపేస్తుంది.

మీ ఉత్తరం ఈ నెల పద్దెనిమిదిన, చాంద్రమాన కొత్త సంవత్సరానికి ముందురోజు అందింది. పండుగ పొద్దున మీ కుర్చీ వైపు తిరిగి నమస్కారం చేసి, బియ్యపు బిళ్ళల పులుసు తాగి, అప్పుడు విప్పాము. అమ్మ రెండుసార్లు చదివించుకుంది. మీరు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు రాస్తాను.

చలిలో ఎండటానికి దండెకర్రలకు వేలాడదీసిన చేపలు బాగానే గడ్డకడుతున్నాయి. జనవరి మొదట్లో మూడురోజులు వాన పడి అమ్మను ఏడిపించింది గానీ, తర్వాత చలి సర్దుకుంది. పగలు కాస్త మెత్తబడి, చీకటి పడేసరికి మళ్ళీ రాయిలా అవుతున్నాయి. దండెకర్రల మీద ఎక్కిన మ్యోంగ్‌తే చేప మీ ఓడ పట్టిందో కాదో ఎవరికీ తెలియదు. నానమ్మ మాత్రం పెద్ద చేప కనబడితే చాలు, "ఇది మావాడు పట్టిందే, చూడండి తల ఎంత మొండిగా ఉందో" అంటూ ఉంటుంది.

నానమ్మ కంటి ఆపరేషన్ జనవరి చివర గాంగ్నుంగ్‌లో అయింది. పొర తీసేశారు. ఇంకా మసకగానే ఉందంటుంది, కానీ అమ్మ కిమ్చీలో ఉప్పు తక్కువేసిందని రంగు చూసే చెప్పింది కాబట్టి కన్ను బాగానే ఉందనుకుంటున్నాం.

మెట్లెక్కేటప్పుడు నొప్పి ఉందా అని అడిగారు. ఎక్కేటప్పుడు లేదు. దిగేటప్పుడు కూడా నొప్పి కాదు నాన్నా, జారడం. పై ఎముక ఒక దారిన, కింది ఎముక ఇంకో దారిన పోయినట్టు ఒక్క క్షణం కాలు నాది కాకుండా పోతుంది. మళ్ళీ వచ్చి అతుక్కుంటుంది. ఆ ఒక్క క్షణం ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే కష్టం.

డాక్టర్ ఏమన్నాడని అడిగారు. ఫిబ్రవరి ఐదున అమ్మా నేనూ సియోల్ వెళ్ళాం. పోయినేడు నాకు ఆపరేషన్ చేసిన డాక్టర్ మేంగ్ గారే చూశారు. మోకాలి స్కాన్ ఫోటోలు వెలుగుపెట్టె మీద పెట్టి ఒక్కొక్కటీ వేలితో చూపించారు.

"చూడమ్మా, పోయినేడు నీ తొడ వెనక నుంచి తీసి వేసిన లిగమెంట్ పూర్తిగా తెగిపోయింది. అది వేయడానికి ఎముకలో చేసిన రంధ్రాలు కూడా వెడల్పయ్యాయి. వాటిలో ఇప్పుడు కొత్తది నిలవదు."

"అయితే ఇంకేం చేస్తారండీ?" అంది అమ్మ.

"ముందు తుంటి నుంచి కొంచెం ఎముక తీసి ఆ రంధ్రాలు పూడ్చాలి. అది గట్టిపడటానికి అయిదు నెలలు. అప్పుడు రెండో మోకాలి నుంచి కొత్త ముక్క తీసి ఇందులో వేయాలి. ఆ తర్వాత ఇంకో ఏడాది."

"బాగున్న కాలిని కూడా కోస్తారా?"

"కోయాలమ్మా."

మళ్ళీ స్కీ రేసుల్లో దిగగలనా అని నేనడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు. తన దగ్గరకు రెండోసారి వచ్చినవాళ్ళలో సగంకంటే తక్కువమందే దిగారని, దిగినవాళ్ళలో కూడా పాత వేగం అందుకున్నవాళ్ళు ఒకరిద్దరేనని చెప్పారు. అసలు చేయించుకోకపోతే ఏమవుతుందని అమ్మ అడిగింది. "నడుస్తుంది. కానీ జారినప్పుడల్లా మోకాలి లోపలి మెత్త నలుగుతూ ఉంటుంది. ముప్పై దాటేసరికి ఈ పిల్లకు వాళ్ళ నానమ్మ మోకాలు వస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే నానమ్మకు కోపం వచ్చింది. "నా మోకాలికేమైందట? ఆ డాక్టర్‌ను వచ్చి నాతో దండెకర్ర ఎక్కమను!"

కోచ్ గు గారిది ఒకటే మాట. "మార్చిలోనే చేయించేసుకో. పందొమ్మిదేళ్ళు నీకు. రెండేళ్ళు పోతే పోయాయి. నీలా ఆ గోడలాంటి వాలు మీద పడి దిగే ఆడపిల్ల ఈ కొండల్లో ఇంకొకతె లేదు." అమ్మను అడిగితే తాడుకు చేపలు గుచ్చుతూ, తల ఎత్తకుండా, "కాలు నీది. నేనెవరిని చెప్పడానికి" అంది.

మీరేమో ఉత్తరంలో, ఆలోచించడానికి ఏముంది, చేయించుకో, ఓడలో వంటాయనకు కూడా నీ పేరు తెలుసు, నువ్వు మళ్ళీ దిగిన రోజు అందరికీ విందు చేస్తానని మాటిచ్చాను అని రాశారు. ఆ వాక్యం అమ్మకు చదివి వినిపించేటప్పుడు మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. జలుబు అన్నాను.

మీరడిగిన ఇంకొక ప్రశ్నకు నేనింకా జవాబు రాయలేదు. "మీ నానమ్మ ప్రతి ఉత్తరం చివరా తన మాటగా నాలుగు ముక్కలు రాయించేది కదా, రెండు ఉత్తరాలుగా ఎందుకు లేవు? ఒంట్లో బాగాలేదా, నా మీద అలిగిందా?" అని. నానమ్మకు మీ మీద ఏ అలకా లేదు. ఇది ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చింపాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇరవై రెండో తేదీన కంటి పరీక్షకు నానమ్మను గాంగ్నుంగ్ తీసుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం. ముందురోజు పడిన మంచు మీద బళ్ళు తిరిగి, బస్సు ఆగే చోటు నుంచి మన ఇంటి వరకు వాలంతా అద్దంలా నున్నబడింది. నానమ్మకు ఆపరేషన్ అయిన కంటికి గంత కట్టి ఉంది. రెండడుగులు వేసి ఆగిపోయింది.

"ఎక్కు నానమ్మా" అని నేను కూర్చుని వీపు చూపించాను.

"నీ కుంటికాలు మీద నేనెక్కాలా? మతిపోయిందా?"

"కుంటిదైనా మంచు మీద నడక దానికి నీకంటే బాగా తెలుసు. ఎక్కు."

"కిందపడేశావో, మీ తాత దగ్గరికి పోయి నీ మీద చాడీలు చెబుతా."

ఎక్కింది. నాన్నా, నానమ్మ ఎంత తేలికైపోయిందో. చిన్నప్పుడు నన్ను వీపున కట్టుకుని ఇదే వాలు దిగేదని చెబుతూ ఉంది. నేను ఒక్కొక్క అడుగూ బూటు అంచు మీద పెట్టి, స్కీ మీద దిగినట్టే పక్కకు తిరిగి దిగుతున్నాను. సగం దూరం బాగానే వచ్చాం. కల్వర్టు దగ్గర వాలు ఇంకొంచెం దిగుతుంది కదా, అక్కడ మోకాలు జారింది. చేతులు రెండూ వెనక నానమ్మను పట్టుకుని ఉన్నాయి, ఆపుకోవడానికి ఏమీ లేదు. ఇద్దరం పక్కకు ఒరిగి మంచుగుట్టలో పడ్డాం.

లేచి చూస్తే నానమ్మ మంచులో కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంది. మణికట్టు అప్పుడే ఉబ్బుతోంది. నేను ఏడుస్తూ, నాదే తప్పు, నాదే తప్పు అంటున్నాను. నానమ్మ ఏడవలేదు. తిట్టనూ లేదు.

"నీది కాదే. నాది" అంది. "డిసెంబరులోనే నేను నోరు విప్పి ఉంటే నీ కాలు ఇవాళ ఇట్లా ఉండేదా? చూసీ చూసీ నోరు మూసుకున్నాను. మీ నాన్నకు ఏ ముఖం పెట్టుకుని మాట రాయించను? నీ కూతుర్ని నేను కనిపెట్టుకుని ఉన్నాను అని రాయించనా?"

నాన్నా, ఇదే నేను మీకు చెప్పనిది.

ఆపరేషన్ అయిన ఏడాది వరకు, అంటే ఈ ఫిబ్రవరి వరకు, వాలు మీద పాతే జెండాకర్రల గేట్ల మధ్య స్కీ మీద దిగకూడదని నాకు ఖచ్చితంగా చెప్పారు. నవంబరులో పరీక్షకు వెళ్ళినప్పుడు, తొడ బలం ఇంకా చాలలేదని, మళ్ళీ ఫిబ్రవరిలో రమ్మని కాగితం మీద రాసిచ్చారు. నేను ఆ కాగితం పొయ్యిలో వేశాను. కోచ్‌తో, సరేనన్నారు అని చెప్పాను. అమ్మతోనూ అదే. మీకు రాసిన ఉత్తరంలోనూ అదే. జనవరి చివర జట్టు ఎంపిక ఉంది, అది దాటితే ఇంకో ఏడాది ఆగాలి, ఇక నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు అనుకున్నాను.

డిసెంబరు మధ్యలో మోకాలు ఉబ్బడం మొదలైంది. అమ్మకు కనబడకుండా తిరిగాను గానీ, నానమ్మా నేనూ ఒకే గదిలో కదా. ఒకరోజు ప్యాంటు మార్చుకుంటుంటే చూసేసింది. "ఏమే, ఇది గుమ్మడికాయలా ఉందేం? మీ అమ్మకు చెబుతాను" అని లేచింది. నేను తలుపుకు అడ్డం నిలబడి, "చెప్పావంటే ఇంట్లోంచి వెళ్ళిపోతాను, మళ్ళీ నా ముఖం చూడవు" అన్నాను. డెబ్భై నాలుగేళ్ళ మనిషిని అలా బెదిరించాను నాన్నా. ఆ తర్వాత నెలరోజులు నానమ్మ ఏమీ అనకుండా వేడినీళ్ళలో గుడ్డ ముంచి నా మోకాలికి కట్టింది. అది ఉబ్బిన ప్రతి రోజూ చూసింది. నేను బడాయిగా స్కీలు భుజాన వేసుకుని వెళ్ళిన ప్రతి రోజూ గుమ్మంలో నిలబడింది.

జనవరి పదహారున పడ్డాను. గేటు దాటుతూ మలుపులో బరువంతా ఆ కాలి మీదికి తెచ్చినప్పుడు లోపల ఏదో పుటుక్కుమంది. మంచు గట్టిదని, రేసు దారి మరీ నిటారుగా పెట్టారని అందరూ అన్నారు. నేనూ ఊ కొట్టాను.

నానమ్మతో పడ్డ రోజు కల్వర్టు దగ్గర పక్కింటాయన తన బండి ఆపి ఇద్దర్నీ తిరిగి ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. నానమ్మ మణికట్టు ఎముక చిట్లింది. పిండికట్టు వేశారు, ఆరువారాలు. పెద్ద ప్రమాదం లేదన్నారు, మీరు భయపడకండి.

ఇంటికొచ్చి, దండెకర్రల దగ్గరకు వెళ్ళి, అమ్మకు అంతా చెప్పాను. అమ్మ పై కర్ర మీద నిలబడి ఉంది. చివరిదాకా వింటూ చేతిలోని చేపల జత తగిలించింది. తర్వాత దిగి వచ్చి, తడి చేతితొడుగుతోనే నా వీపు మీద నాలుగు చరిచింది. "సియోల్లో ఆ డాక్టర్ ముందు నేను ఏమనుకుంటూ కూర్చున్నానో తెలుసా? పిల్లకు సరిగ్గా తిండి పెట్టలేదేమో, అందుకే ఆ లిగమెంట్ పట్టలేదేమోనని!" అంది. అప్పుడు ఏడ్చింది. కాసేపటికి, "మీ నాన్నకు నేను రాయను. నువ్వే రాయి. ఒక్క ముక్క వదలకుండా రాయి" అంది.

మర్నాడు కోచ్ ఇంటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"నువ్వు పడిన ఆ గేటు నేనే తప్పుగా పెట్టానేమోనని నెలరోజులుగా ఆ వాలు మీదికి వెళ్ళి కొలుస్తున్నానే. నిన్న కూడా వెళ్ళాను" అన్నారు.

నేను ఆయనకు వంగి నమస్కరించాను.

"సరే. చేయించుకో. మళ్ళీ మొదలుపెడదాం. ఈసారి కాగితం నేనే వెళ్ళి తెచ్చుకుంటాను."

"చేయించుకుంటానండీ. కానీ జట్టులో నా పేరు తీసేయండి."

"పందొమ్మిదేళ్ళకే వదిలేస్తావా? భయమా?"

"భయమేనండీ. మోకాలంటే కాదు."

నాన్నా, మీకు కూడా అదే చెబుతున్నాను. ఇష్టం పోయి కాదు. రేసు మొదలయ్యే గేటు తెరుచుకున్నాక మొదటి మూడు మలుపుల్లో చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ ఉండదు. దానంత ఇష్టమైనది నా బతుకులో ఇంతవరకు లేదు. కానీ నన్ను నేను చూసుకున్నాను. ఎంపిక ముందుంటే నేను కాగితం కాలుస్తాను, నానమ్మ నోరు కట్టేస్తాను, మీకు అబద్ధం రాస్తాను. కొత్త లిగమెంట్ వేస్తే మోకాలు గట్టిపడుతుందేమో గానీ, ఆ మనిషి మారిందని నాకు నమ్మకం లేదు. మళ్ళీ బరిలో దిగితే మళ్ళీ దాస్తాను. రెండో కాలు కూడా కోసుకుని, దాన్ని కూడా అబద్ధానికి పెట్టలేను.

అందుకని ఆపరేషన్ చేయించుకుంటాను, మెట్లు దిగడానికి. దండెకర్ర ఎక్కడానికి. మంచు పడ్డ రోజున ఇంటి మనిషిని వీపున మోసుకుని ఈ వాలు దిగడానికి. ఇంతమాత్రానికి రెండు కోతలు, ఏడాదిన్నర పడకా అని మీకు అనిపించవచ్చు. అమ్మకూ అనిపించింది. నాకు చాలు.

డాక్టర్‌గారికి ఫోను చేసి, కాగితం కాల్చిన సంగతి కూడా చెప్పాను. "చెప్పావు కదా, సంతోషం. నవంబరులో చెప్పి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ణి" అన్నారు. మార్చి పద్దెనిమిదిన మొదటిది. రెండోది ఆగస్టులో, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు.

నానమ్మతో కూర్చుని, తప్పు నాది, నీది కాదు అని రోజూ చెబుతున్నాను. "నోరు నాదే కదా" అంటుంది. నా మాటతో ఆ బరువు దిగడం లేదు. మీరు ఆవిడ పేరు మీద విడిగా ఒక ఉత్తరం రాయండి. ఆవిడ కొడుకు మాట అయితే వింటుంది.

ఓడలో వాళ్ళకు ఏం చెప్పుకోవాలో అని మీరు తల దించుకోవలసి వస్తుంది. అందుకు నన్ను క్షమించమని అడగను, ఇంత తొందరగా అడగకూడదు. కోపం వస్తే వచ్చిందని రాయండి. ఎంత వచ్చిందో అంతా రాయండి, చలి ఎక్కువగా ఉంది, చేపలు బాగా పడుతున్నాయి అని రాసి ఊరుకోకండి. ఈ ఇంట్లో ఒకరికోసం ఒకరం దాచింది చాలు.

ఇట్లు,
మీ చేత తిట్లు తినవలసిన కూతురు,
హ్యేరాన్