వానల్లో పొడి ఇసుక

జులై 8, మంగళవారం

కలకత్తా మెటియాబ్రుజ్‌లోని మా గోడౌన్‌కి ఇవాళ మెగ్నీషియం పొడి వచ్చింది. వెండి రంగు పొడి, మూత బిగించిన ఇనప డ్రమ్ములు. ఏదో ఫౌండ్రీకి పోవాల్సిన సరుకు. లారీలు దొరికేదాకా ఇక్కడే ఉంటుందట.

నేనిక్కడ సేఫ్టీ ఆఫీసర్ని. ఈ పొడికి నీళ్లు తగిలితే వేడెక్కుతుంది, హైడ్రోజన్ వదులుతుంది, అంటుకుంటుంది. అంటుకున్నాక నీళ్లు పోస్తే పేలుతుంది. పైన చూస్తే రేకుల కప్పు కారుతోంది.

మేనేజర్ ఘోషాల్ బాబుకి చెప్పాను. జులై నెలలో కలకత్తాలో కారని కప్పు ఒక్కటి చూపించమన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయన చెడ్డవాడైతే పోట్లాడేదాన్ని.

మధ్యాహ్నం గేటు ఎదురుగా రెహానా బీబీ దగ్గర మురీ తిన్నాను. మన మరమరాలే, ఆవనూనె వేసి కలిపి ఇస్తుంది. ఈ ఊళ్లో నేనేం చెప్పినా పూర్తిగా వినేది ఆమె ఒక్కతే. నా బెంగాలీకి నవ్వొస్తుందట.

అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీ ఉద్యోగం ఉందట, వచ్చెయ్యమంది. దసరాలోపు వెళ్లిపోతానేమో.

జులై 10, గురువారం

వాన. కప్పు మీద టార్పాలిన్ వేయించాను. గాలికి లేచిపోయింది.

జులై 11, శుక్రవారం

ఘోషాల్ బాబుని అడగకుండానే ఫైర్ స్టేషన్‌కి వెళ్లాను. అగ్గి పుట్టాక చెప్పేకంటే ముందే చెబితే మేలనిపించింది. బల్ల దగ్గర కూర్చున్నాయనతో బెంగాలీలో తంటాలు పడుతుంటే అమ్మ ఫోన్ వచ్చింది. ‘తర్వాత చేస్తా’ అని పెట్టేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "మనోల్లేనేటమ్మా! మీదే ఊరు?" అన్నాడు.

పేరు గురవయ్య. స్టేషన్‌లో ఒక ఇంజన్‌కి లీడర్. తాత పలాస నుంచి మున్సిపాలిటీ పనికి వచ్చాడట. ఈయన పుట్టింది, పెరిగింది హౌరాలో. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడట. మాది ఖమ్మం అంటే అది హైదరాబాద్‌లో ఏ పక్క అని అడిగాడు.

డ్రమ్ముల సంగతి మొత్తం విన్నాడు. ట్రైనింగ్‌లో ఎప్పుడో చూపించారు తప్ప ఇలాంటి మంటని తానెప్పుడూ ఆర్పలేదని దాచుకోకుండా చెప్పాడు.

"నీల్లు కొట్టకూడదంటే మరేటి కొట్టాల?"

పొడి ఇసుక అన్నాను. లోహాల మంటకి వేసే ప్రత్యేకమైన పౌడర్ దూరంగా వేరే డిపోలో ఉందట, రావడానికి టైం పడుతుందట. ఇద్దరం కిటికీలోంచి బయటికి చూశాం. మోకాలి లోతు నీళ్లలో బస్సు పోతోంది.

"ఆ పొడి సంగతి నీకు తెలుసు. గల్లీల సంగతి నాకు తెలుసు. ఇద్దరం సూసుకుందాం లే" అన్నాడు.

ఇక్కడికి వచ్చాక ‘ఇద్దరం’ అన్న మాట నాతో అన్న మొదటి మనిషి.

జులై 14, సోమవారం

ఎట్టకేలకు కంపెనీ ఇసుక పంపింది. పైన ఏమీ కప్పని లారీలో, వానలో. గేటు దగ్గర బురద కుప్ప. దాన్ని గానీ మంట మీద వేస్తే మనం మిగలం. ఏడుపొచ్చింది. బాత్‌రూంలో ఏడ్చి, ముఖం కడుక్కుని వచ్చాను.

జులై 17, గురువారం

నిద్ర పట్టడం లేదు. రాసేస్తే పడుతుందేమో.

భోజనాలయ్యాక డ్రమ్ముల వైపు నుంచి బుస్సుమని చప్పుడు. చివరి డ్రమ్ము మూత అంచు వంగి ఉంది. కప్పులోంచి నీటి చుక్కలు సరిగ్గా అక్కడే పడుతున్నాయి. దగ్గరికి పోతేనే సెగ తగిలింది. కరెంటు ఆపించాను. అందర్నీ బయటికి పంపాను. గురవయ్య గారికి ఫోన్ చేశాను. మాట పూర్తి కాకముందే మూత ఎగిరింది.

తెలుపు. మంట అంత తెల్లగా ఉంటుందని పుస్తకంలో చదివాను గానీ చూడటం వేరు. కళ్లు మూసుకున్నా కనిపించింది.

ఎదురుగా ఉన్న కుట్టు వర్క్‌షాపుల్లోంచి దర్జీలు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. సాయం చేద్దామని వస్తున్న మనుషుల్ని చూసి అంత భయపడతానని ఎప్పుడూ అనుకోలేదు. గేటుకి అడ్డంగా నిలబడ్డాను. నాకొచ్చిన నాలుగు బెంగాలీ ముక్కలూ ఎటో పోయాయి. "నీళ్లు పొయ్యకుండ్రి! మీకు దండం పెడ్తా, పొయ్యకుండ్రి!" అని తెలుగులోనే అరిచాను. ఒకాయన నన్ను పక్కకు నెట్టి లోపలికి బకెట్ విసిరాడు.

పేలింది. రవ్వలు గుమ్మం దాటి వచ్చాయి. ఆయన ముంజేయి కాలింది. చొక్కా పట్టుకుని వెనక్కి లాగాను. పక్కవాళ్లు ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఎవరూ బకెట్ ఎత్తలేదు.

ఫైర్ ఇంజన్ వచ్చింది. గురవయ్య గారు దిగి, లోపలికి ఒక్క చూపు చూసి, గొట్టం విప్పొద్దన్నారు. జనం ఊరుకుంటారా? ఇంజన్ నిండా నీళ్లు పెట్టుకుని వేడుక చూస్తారా అని తిట్టారు. ఎవరిదో చెప్పు వచ్చి ఆయన హెల్మెట్‌కి తగిలింది. ఆయన దాన్ని తీసి ఇంజన్ మెట్టు మీద పెట్టి, తర్వాత వచ్చి తీసుకెళ్లమని బెంగాలీలో చెప్పారు. నెమ్మదిగానే చెప్పారు. తిట్లు ఆగిపోయాయి. అప్పుడు నా వైపు తిరిగారు.

"పౌడర్ బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుపోనాది తల్లీ. ఇసకేదీ?"

లేదన్నాను. తర్వాత గుంపు వైపు తిరిగి, గుర్తొచ్చిన రెండు మాటలే మళ్లీ మళ్లీ అరిచాను. శుక్నో బాలి. పొడి ఇసుక. శుక్నో బాలి.

ఎవరో నా భుజం పట్టుకుని ఊపారు. రెహానా బీబీ. తన పొయ్యి మీద ఉన్నది ఏమిటనుకున్నావని అడిగింది.

మురీ వేయించేది ఇసుకలో! రోజూ తింటున్నాను. ఎలా పొంగుతుందో ఒక్కసారీ అడగలేదు. కాలి కాలి, చుక్క తడి లేని ఇసుక. ఆమె ఇంట్లోనే కాదు, ఆ వెనక వరుసలో ఇంటింటా మురీ పొయ్యే.

మధ్యలో వాన. దర్జీలు బట్టల మూటలకి చుట్టే ప్లాస్టిక్ రోల్స్ తెచ్చి, గల్లీకి రెండు పక్కలా నిలబడి తలల మీద పట్టుకున్నారు. దాని కింద నుంచి ఆడవాళ్లు మూకుళ్లతో, డబ్బాలతో ఇసుక మోసుకొచ్చారు. ఇంజన్ వాళ్లు పక్క డ్రమ్ముల్ని పొడిగా ఉన్న మూలకి తరలించారు.

పారలతో గురవయ్య గారు, నేను, ఇంకో ఇద్దరు. ఇసుక విసిరితే పొడి లేచి గాలిలో అంటుకుంటుంది, మెల్లగా జారవిడవాలని చెప్పాను. ఆయన తన వాళ్లకి బెంగాలీలో ఏదో చెప్పి, నాకు తెలుగులో అన్నారు. "పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు కప్పాలని సెప్పినాను. సరేనా?"

సరే అన్నాను. అలాగే కప్పాం. తెలుపు పసుపైంది. పసుపు చిన్నదైంది. ఇసుక కింద అణిగిపోయింది. చల్లారేదాకా ఎవర్నీ కదపనివ్వలేదు.

చెప్పు కోసం ఎవరూ రాలేదు.

జులై 18, శుక్రవారం

పడుకునే ఉన్నాను. అమ్మకి చెప్పలేదు.

జులై 19, శనివారం

మిగిలిన డ్రమ్ముల్ని మూసిన లారీల్లో తీసుకెళ్లారు. పోలీసులు ఘోషాల్ బాబుని చాలాసేపు కూర్చోబెట్టారు. బయటికొచ్చి, నువ్వు చెప్పినప్పుడే వినాల్సింది అన్నాడు. ఒక్కసారే అన్నాడు. సోమవారం కొత్త రేకులు వేస్తారు.

చెయ్యి కాలిన దర్జీ పేరు ఇంతియాజ్. చూడటానికి వెళ్లాను. లోతుగా కాలలేదు, మళ్లీ మిషన్ తొక్కగలడని డాక్టర్ అన్నాడట. నన్ను నెట్టినందుకు ఆయన, చొక్కా చించినందుకు నేను, ఒకరినొకరు క్షమించమని అడుక్కున్నాం. వాళ్లావిడ నవ్వింది.

ఆ గల్లీలో పొయ్యిలన్నీ ఆరి ఉన్నాయి. ఇసుక లేదుగా.

జులై 22, మంగళవారం

గురవయ్య గారు స్టేషన్ వాళ్లతో కలిసి నది ఇసుక తెచ్చారు. జల్లించాం, కడిగాం, పొయ్యిల మీద ఆరబెట్టాం. నా వేలు కాలింది. పెద్ద మంటలో ఏమీ కాని దానివి మురీ పొయ్యి దగ్గర కాల్చుకున్నావేటని ఆయన ఒకటే నవ్వు. మొదటి వాయి మురీ మట్టి వాసన వేసింది. అందరం తిన్నాం.

జులై 27, ఆదివారం

గల్లీలో క్లాసు పెట్టాం. ఏ మంటకి ఏది వెయ్యాలో నేను చెప్పడం, గురవయ్య గారు బెంగాలీలో చెప్పడం. డ్రమ్ముల మంట గురించే మాట్లాడి మాట్లాడి, మిగతావి చెప్పేలోపు వాన వచ్చింది. "నీళ్లు వద్దు, ఇసుక" అని పిల్లలు, ముసలివాళ్లు అందరూ కలిసి అరిచారు.

అమ్మకి అంతా చెప్పాను. ముందు తిట్టింది. తర్వాత, దసరాకి నేనే అక్కడికి వస్తాలే, ఆ రెహానాని చూడాలి అంది.

ఆగస్టు 12, మంగళవారం

ఇంతియాజ్ వర్క్‌షాపులో బొగ్గుల ఇస్త్రీపెట్టె పడి గుడ్డ ముక్కలు అంటుకున్నాయి. నేను వెళ్లేసరికి గల్లీ అంతా ఇసుక డబ్బాలతో నిలబడి ఉంది. పక్కనే నిండు బకెట్ నీళ్లు. గుడ్డల మంటకి నీళ్లే చాలు, అయినా ఒక్కరూ ముట్టుకోలేదు.

నేనే ఎత్తాను. అందరూ చెవులు మూసుకున్నారు.