ఒర దిగితే ఒక దినం

విడవలూరు,
జూన్ 2

ఉపదేశి రాయప్పకి,

ప్రియమైన అని రాయను. నలభై ఏండ్లుగా కడుపులో ఉండేది ముందు రాస్తా. మూడు నిలువుల లోతు బావి తవ్వుతుంటే ఆల్చిప్పలు పరుపు పరిచినట్టు వచ్చినాయి. సముద్రం ఎక్కడ, నా బావి ఎక్కడ? నీ జ్ఞానోపదేశం తరగతిలో అడిగినా. నోవా జలప్రళయం అన్నావు. "వరదైతే కలగాపులగం కావాల గదన్నా, ఇవి రెండు చిప్పల జంట కూడా విడలేదే" అన్నా. అందరి ముందర మోకాళ్ల మీద నిలబెట్టినావు. ఆనాటి నుంచి పూజకి గుడి గడప బయటే నిలబడతా. సత్ప్రసాదం తీసుకోలా.

ఇప్పుడు మనవరాలు ప్రత్యూష భూమి పొరల చదువు చదువుతా ఉంది. "అక్కడ ఒకప్పుడు సముద్రమే తాతా, వేల ఏండ్ల నాటి మాట" అంటాది. సృష్టి ఆరు దినాలే గదా అంటే, మన కతోలిక తిరుసభ ఈ చదువుకి అడ్డం చెప్పదంట. నిజమా? నిజమైతే నా మోకాళ్లకి ఏం చెప్తావు?

బావుల ఇన్నాసయ్య

నెల్లూరు,
జూన్ 9

ప్రియమైన ఇన్నాసయ్యా,

పాప చెప్పింది నిజమే. ఆ వారమే ఫాదర్ గారు నన్ను మందలించారు: "సూర్యుడు నాలుగో దినాన వస్తే, మొదటి మూడు దినాలు ఏ పొద్దు చూసి లెక్కపెట్టావయ్యా?" నాకు తలకెక్కలేదు. తరవాత మా బావిలో సిమెంటు ఒరలు దించడానికి నువ్వే వచ్చావు. నాతో మాట్లాడలేదు. పనివాళ్లతో మాత్రం "ఒర దిగితే ఒక దినం" అన్నావు. ఇసుక జారి మూడు పొద్దులు పట్టినా మీకది ఒక దినమే! అప్పుడు అర్థమైంది, ఆ ఆరు దినాలూ పొద్దులు కావు, పనులని. దేవుడు చేశాడన్నది మన విశ్వాసం. ఎంత కాలం పట్టిందో నీ ఆల్చిప్పలే చెప్పాలి.

అది నీకు చెప్పడానికి గర్వం అడ్డొచ్చింది. తప్పు నాది. అందరి ముందూ మోకరించమన్నా మోకరిస్తాను. లోపలికి రా.

నీ రాయప్ప

విడవలూరు,
జూన్ 15

ప్రియమైన రాయప్పన్నా,

నువ్వు మోకరిస్తే మళ్లీ లేవవు, లేపేదానికి నేనే రావాల. ఒద్దు. సముద్రం వెనక్కి పోయేదానికి వేల ఏండ్లు, నీ నోట ఒక్క మాట దిగేదానికి నలభై. పోనీలే, ఒర దిగింది. ఒక దినమే అనుకుంటా.

పాప చేత ఆదికాండం మళ్లీ చదివించినా. ఆరు దినాలకీ సాయంత్రమైంది, తెల్లారింది అని ఉంది. దేవుడు విశ్రాంతి తీసుకున్న ఏడో దినానికి లేదు. రెండు తూర్లు వెతికించినా, లేదు. అంటే ఆ దినం ఇంకా ముగియలా? మనం అందులోనే ఉండామా?

వచ్చే ఆదివారం గడప దాటతా. జవాబు మాత్రం శనివారం లోపల నా చేతిలో ఉండాల. మళ్లీ నోవా అని రాయబాకు.

ఇన్నాసయ్య