ఎవన్ అడిగిన బంతి

మాంటెవిడియో, మే 1916

అత్తయ్యగారికి, మీరింకా చూడని మీ కోడలు రాస్తున్నది.

మీ చిన్నబ్బాయి ఎవన్ యుద్ధంలో పోయాడని మీరు రాసినది చదివి మా ఆయన మర్డో ఏడవలేదు. మర్నాడు మ్యాచ్‌కి వెళ్ళారు. గోలు ఎదురుగా ఉండగా, బంతిని ఎవరూ లేని ఎడమవైపుకి తన్నారు.

"ఏరా స్కాట్లాండోడా, దయ్యాలతో ఆడుతున్నావా?" అని జనం గేలిచేశారు.

"'అన్నా, ఇటివ్వు' అని ఎవన్ అడిగాడే," అన్నారు ఇంటికొచ్చాక.

ఆ తర్వాతి మ్యాచ్‌లోనూ అంతే. క్లబ్బువాళ్ళు ఆయన్ని జట్టులోంచి తీసేశారు. మాకు తిండి పెట్టేది ఆ ఆటే.

ఇప్పుడు రోజూ ఖాళీ మైదానంలో ఒక్కరే ఆడుతున్నారు. నిన్న నేను వెళ్ళి, ఎడమవైపు నిలబడి, "నాకివ్వండి" అన్నాను.

"పక్కకి జరగవే, వాడికి అడ్డొస్తున్నావు," అన్నారు నవ్వుతూ.

జరిగాను అత్తయ్యా. ఎవన్‌ని ఎక్కడ పూడ్చారో మీరే ఆయనకు రాయండి. ఆ చోటు తెలిస్తేనైనా, ఎవన్ ఇక లేడని నమ్ముతారు.

మీ కోడలు