ఒక మెట్టు పైకి

జనవరి 6

తొమ్మిది పాటల డెమోలూ పూర్తయ్యాయి. గిటార్ నాదే. బేస్ కూడా నేనే వాయించి పెట్టాను. డ్రమ్స్ కంప్యూటర్‌లో కొట్టాను. వెనక గదిలో తలుపేసుకుని మొదటి నుంచి చివరి దాకా విన్నాను. కుర్చీ కాళ్లు అదిరాయి. హెవీ మెటల్ అంటే అరుపులే అనుకునేవాళ్లని పిలిచి ఇది వినిపించాలి. ఇందులో ఒక్క అరుపు లేదు, ఒక్క మాట లేదు. ఇది ఇలాగే ఆల్బమ్‌గా రావాలి. దీనికి పాడేవాడెందుకు?

కానీ ఉన్నాడుగా ఒకడు. మా ఆవిడ తమ్ముడు.

జనవరి 7

బ్యాండ్ పెట్టింది నేను. పాటలు కట్టేది నేను. షో అయ్యాక జనం ఎగబడేది వాడి మీద. కిందటి షోలో ఒక అమ్మాయి పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వచ్చింది. పోనీలే, ఒక్కరైనా గుర్తుపట్టారనుకున్నాను. ఫోన్ నా చేతిలో పెట్టి, ఆయనతో ఒక ఫోటో తీస్తారా అంది. తీశాను. బాగా రాలేదంటే ఇంకొకటి కూడా తీశాను.

ఇంట్లోనూ అదే గోల. వాడు పుట్టినప్పుడు ఏడిస్తే వీధి చివరి దాకా వినిపించిందట. పెళ్లయినప్పటి నుంచీ మా అత్తగారి నోట ఆ ఏడుపు గురించి వింటూనే ఉన్నాను.

జనవరి 9

ప్రొడ్యూసర్‌కి డెమోలు వినిపించాను. ఇలాగే వదిలేద్దాం అన్నాను. నవ్వాడు. జనం వచ్చేది ఆ గొంతు కోసం, నీది పక్కవాద్యం అన్నాడు. నా మొహం చూశాడేమో, మార్చి చివరికల్లా వాడు పాడలేకపోతే అప్పుడు గొంతు లేకుండానే వేసేద్దాంలే అన్నాడు. తమాషాకే అన్నాడు. నేను మాత్రం తమాషాగా తీసుకోలేదు.

పక్కవాద్యమట!

జనవరి 10, ఉదయం

బావమరిదికి నోట్స్ రావు. స్వరం పేరు చెప్పలేడు, ఏ వాయిద్యమూ ముట్టడు. చెవితో విని నోటితో పట్టేస్తాడు. అందుకే ముందు డెమో పంపాలి. అందులో గిటార్ పలికే వరస మీదే మాటలు రాసుకుంటాడు, దాని మీదే సాధన చేస్తాడు. నేను పంపిందే వాడికి పాఠం.

వాడి గొంతు ఎంత దాకా వెళ్తుందో వాడికంటే నాకు బాగా తెలుసు. కిందటి ఆల్బమ్‌లో అంచు దాకా వెళ్లాడు. ఈ తొమ్మిదీ సరిగ్గా ఆ అంచు దాకానే కట్టాను. ఆ పైన ఇక చోటు లేదు.

ఫైళ్లన్నిటి శ్రుతినీ కంప్యూటర్‌లో ఒక మెట్టు పైకి లేపాను. గిటార్ మీద ఒక మెట్టంటే రెండు వేళ్ల వెడల్పు. వినేవాడికి తేడా తెలియదు. పాడేవాడికి తెలుస్తుంది, కానీ ఎందుకో తెలియదు.

పంపేశాను.

జనవరి 19

ఫోన్ చేశాడు. అందట్లేదు బావా అన్నాడు. జలుబేమో చూసుకో అన్నాను.

ఫిబ్రవరి 2

భోజనానికి వచ్చాడు. వేడినీళ్లు తప్ప ఇంకేమీ తాగడం లేదు. అక్క ముందు నవ్వుతూనే ఉన్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే నా వైపు వంగి, నా గొంతు పోతోందా బావా అన్నాడు. నిజం చెప్పు, నువ్వయితే మొహమాటపడవు అన్నాడు. వయసు అందరికీ వస్తుందిరా అన్నాను. నాకింకా ముప్పై ఒకటేగా అన్నాడు. కొందరికి తొందరగా వస్తుంది అన్నాను. కంచం పక్కకి జరిపాడు. మళ్లీ అన్నం వైపు చూడలేదు.

నాకు ఎంత హాయిగా ఉందో! సిగ్గుపడి దాచుకోవడానికి ఇక్కడ ఎవరున్నారు? ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఇంకో నెల ఇలాగే సాగితే వాడే చేతులెత్తేస్తాడు. స్టూడియో దాకా రాడు. నాకు కావలసింది అదే.

ఫిబ్రవరి 11

వాడు కారు అద్దాలన్నీ ఎక్కించుకుని లోపల కూర్చుని పాడుతున్నాడట. మా ఆవిడ చూసింది. ఇంట్లో పాడితే పక్కవాళ్లు వింటారని సిగ్గట. ఊరంతా విన్న గొంతుకి పక్కవాళ్ల దగ్గర సిగ్గు! చెబుతూ కళ్లు తుడుచుకుంది. మీరొక్క మాట ధైర్యం చెప్పండి, మీ మాటంటే వాడికి వేదం అంది. చెబుతాలే అన్నాను.

చెప్పలేదు.

ఫిబ్రవరి 26

ఒకసారి అందరం కలిసి రిహార్సల్ చేద్దామన్నాడు డ్రమ్మర్. వద్దన్నాను. అసలు శ్రుతిలో ఉన్న నా గిటార్ పక్కన నిలబడి పాడితే వాడికి సుఖంగా అందుతుంది, నా గుట్టు రట్టవుతుంది. నేరుగా స్టూడియోకే వెళ్దాం, తాజాగా ఉంటుంది అన్నాను. నేనేదో కూరగాయలు అమ్ముతున్నట్టు.

మార్చి 3

ఎంత మొండివాడు! తప్పుకుంటావా అని నేనే అడిగాను, వాడి మంచి కోరినట్టు మొహం పెట్టి. చచ్చినా నేనే పాడతాను బావా, నీ పాటలు ఇంకొకడి నోట్లో పెట్టనివ్వను అన్నాడు.

అంతా అయిపోయింది. స్టూడియోలో అసలు శ్రుతిలో పాడతాడు, అవలీలగా పాడేస్తాడు, ఎగిరి గంతేస్తాడు. రెండు నెలల కష్టం గంగలో కలిసినట్టే.

మార్చి 9

స్టూడియో. నేను వెళ్లేసరికే డ్రమ్స్ అయిపోయాయి, బేస్ కూడా అయిపోయింది. బేస్ వాయించేవాణ్ణి మేం మౌని అంటాం. అడిగితే తప్ప నోరు విప్పడు. వాడు వాయించింది విన్నాను. తల తిరిగిపోయింది. తొమ్మిది పాటలూ ఒక మెట్టు పైన ఉన్నాయి.

ఫోల్డర్! బావమరిదికి పంపే తొందరలో ఆ ఫైళ్లు అందరూ వాడుకునే ఫోల్డర్‌లో పెట్టాను. మౌని వాటినే విని, వాటికే తీగలు బిగించుకుని, కిమ్మనకుండా వాయించేశాడు. ఎందుకిలా అని ఒక్క మాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? ప్రొడ్యూసర్ మురిసిపోతున్నాడు. తీగలో ఈ బిగువు ఇంతకుముందు లేదు, భలే కోస్తోంది అన్నాడు.

ఫైలు తప్పు పంపాను, మళ్లీ వాయించరా అంటే సరిపోయేది. మౌని మళ్లీ వాయించేవాడు. కానీ సోఫాలో బావమరిది కూర్చుని ఉన్నాడు, ఒళ్లో వేడినీళ్ల ఫ్లాస్కు పెట్టుకుని. నేను నోరు విప్పితే వాడికి అర్థమైపోతుంది, పోయిందనుకున్న గొంతు పోలేదని. వాడి మొహం ఎలా వెలిగిపోతుందో నాకు కళ్లకు కట్టింది.

గిటార్ తీసి తీగలు బిగించాను.

మార్చి 17

మొదటి పాట. సగంలో గొంతు విరిగింది. ప్రొడ్యూసర్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

మార్చి 26

ఎనిమిది పాటలు ఎలాగో లాక్కొచ్చాడు. ఒక్కో వాక్యం పాడి, కూర్చుని, మళ్లీ లేచి. ఇవాళ చివరిది.

అన్నిటిలాగే ఆ పాటకీ మాటలు వాడే రాసుకున్నాడు. గొంతు పోతున్నవాడి పాట. నేను ఆడిన అబద్ధం మీద పాట కట్టాడు వెధవ. అద్దం అవతల నిలబడి కళ్లు మూసుకుని మొదలుపెట్టాడు. చివర్లో ఆ పై స్వరం దగ్గర, ఇక అందదు అనుకున్నచోట, మనిషి మొత్తం చిరిగినట్టు ఒక అరుపు వచ్చింది. అందుకున్నాడు. కట్టినవాణ్ణి నేనే, కానీ ఆ పాటలో ఏముందో నాకు ఇవాళే తెలిసింది. అబ్బ, ఏం పాడాడు!

బయటికొచ్చి సింక్‌లో ఉమ్మాడు. ఎర్రగా పడింది. ప్రొడ్యూసర్ కంగారుపడి, ఇది చాలు, ఇంతకంటే ఎవడూ పాడలేడు అన్నాడు.

వాడు లోపలికెళ్లి ఫ్లాస్కు తెచ్చుకుంటుంటే నేను లోపలికి వినిపించే మైకు బటన్ నొక్కి, ఇంకోసారి అన్నాను. నా వైపు చూసి తలూపాడు. బావ అడిగాడంటే ఏదో ఉండే ఉంటుందని. పాడాడు. ఇంకోసారి అన్నాను. మళ్లీ పాడాడు. ఈసారి విరుగుతుంది, ఈసారి విరుగుతుంది అని చూస్తున్నాను. చివరికి నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు ఆపాను.

మొదట పాడిందే ఆల్బమ్‌లోకి వెళ్తుంది.

ఏప్రిల్ 2

గొంతు డాక్టర్ మాట్లాడొద్దన్నాడు. వాడు ఫోన్‌లో టైప్ చేసి చూపిస్తున్నాడు. మొదట టైప్ చేసింది, ఆఖరి పాట బాగా వచ్చిందా బావా అని.

మే 14

ఆల్బమ్ వచ్చింది. ఎక్కడ చూసినా దాని గురించే. ఆ గొంతులోని నొప్పి నటన కాదని రాశారు. గిటార్ గురించి సగం వాక్యం ఉంది. తోడుగా నిలిచిందట.

జూన్ 8

మొదటిసారి రక్తం పడగానే ఆపి ఉంటే మానిపోయేదట. ఆ తర్వాత కూడా అరిచాడు కాబట్టి లోపల మచ్చ కట్టేసిందట. ఇక పాట లేదు. మాట కూడా రాకపోవచ్చు అన్నాడు డాక్టర్.

బయట వరండాలో మా ఆవిడ నన్ను పట్టుకుని ఊపేసింది. మీరు పక్కనే ఉన్నారుగా, ఆపలేకపోయారా అంది. వాడే ఆగనన్నాడు, నేను ఎంత చెప్పినా వినలేదు అన్నాను. వాడు అక్కడే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. నా మొహంలోకి చూశాడు. కాదనలేదు.

ఎలా అంటాడు?

జూలై 12

ప్రొడ్యూసర్ ఫోన్ చేశాడు. ఆల్బమ్ ఇంత ఆడింది కదా, వెనకున్న డెమోలు కూడా వేద్దాం అన్నాడు. గొంతు లేకుండా, ఉత్త సంగీతం, నా పేరు మీద. కాళ్లు నేల మీద ఆనలేదు. ఫైళ్లు తీసుకెళ్లడానికి మౌని వచ్చాడు. కంప్యూటర్‌తో పైకి లేపిన ఫైళ్లలో గిటార్ రేకు డబ్బాలా మోగుతుంది. నా పేరు మీద వచ్చేది అలా ఉంటే ఎలా? అసలువే ఇచ్చాను.

జూలై 15

మౌని తనంతట తాను ఫోన్ చేయడం ఇదే మొదలు. ఇవి ఒక మెట్టు కిందున్నాయేంటి అన్నాడు. ముందు అలా కట్టాను అన్నాను. మరి పైకి ఎందుకు లేపినట్టు అన్నాడు. సౌండ్ బాగుంటుందని అన్నాను. రిహార్సల్ అందుకేనా వద్దన్నది అని పెట్టేశాడు.

జూలై 18

మౌని నేరుగా బావమరిది ఇంటికి వెళ్లి వాడికి వినిపించాడట.

మా ఆవిడ ఒక్కటే అడిగింది. వాడు రక్తం ఉమ్మినప్పుడు పాట ఒక మెట్టు పైనుందని నీకు తెలుసా అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను నువ్వు అనడం ఇదే మొదటిసారి. తెలుసు అన్నాను. ఎప్పుడు పడితే అప్పుడు నోటికొచ్చే అబద్ధం ఇవాళ ఎక్కడికి పోయిందో. లోపలికెళ్లి టీ పెట్టుకుంది. ఒక్క కప్పే.

ఆగస్టు 1

డెమోలు వచ్చాయి. గొంతు లేక బోసిగా ఉందని రాశారు.

ఆగస్టు 4, మధ్యాహ్నం

బావమరిది వచ్చాడు. వెనక గదిలోకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. అసలు శ్రుతిలోని డెమో పెట్టమని వేలితో చూపించాడు. పెట్టాను. మొదటి మాట నుంచీ పెదవులు కదుపుతూ పాడాడు. పై స్వరాల దగ్గర కూడా మెడ మీద ఒక్క నరం లేవలేదు. ఎక్కడా ఆయాసపడలేదు. చిన్న చప్పుడు కూడా లేదు. కళ్లు నా మీద నుంచి తిప్పలేదు.

పాట అయిపోయింది. రెండోది పెట్టమని మళ్లీ వేలు చూపించాడు.