పట్టీ చుట్టినంతసేపూ

నర్సుగా పనిచేసే మా ఆడపడుచుకి మీ వదిన రాసేది,

మీ అన్నయ్య గుండె లయ తప్పి కొట్టుకుంటుంది కాబట్టి బీపీ మూడుసార్లు చూసి సగటు తీయమన్నావు. అలాగే చేసినా ఎప్పుడూ ఎక్కువే వచ్చేది. డాక్టరుగారు మాత్ర పెంచుతానన్నారు.

తప్పు నాదే. చేతికి బీపీ మిషను పట్టీ ఉండగా లేచి వెళ్లిపోలేరు కదా అని, కారుతున్న కుళాయి మొదలు ఆయన వాయిదా వేసిన పనులన్నీ అప్పుడే ఏకరువు పెట్టేదాన్ని. చూసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదని నువ్వు రాశాక నోటికి తాళం వేసుకున్నాను. వారంలో అంకెలు దిగొచ్చాయి. మాత్ర పెంచక్కర్లేదన్నారు.

ఇప్పుడు మూడోసారి అయిపోయాక కూడా మీ అన్నయ్య నవ్వుతూ, "ఇంకొక్కసారి చూద్దామే" అంటున్నారు. నిన్న ఏడుసార్లు చూపించుకున్నారు.

మూడుసార్లే చాలని ఆయనకో ముక్క రాయి. పట్టీ విప్పిన ఎన్ని నిమిషాలకు మాట్లాడొచ్చో నాకో ముక్క రాయి.